పెన్నసీమలో నిలువనీరు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వారికి ఏటిని గూర్చి నేను వర్ణించి చెప్పవలసిన పని లేదు. ఏరనగా నీరు పారునది యని కోస్తావారు చెప్పుదురు. మనకు ఏరనగా ఇసుక పఱచుకొని యుండునది. ఏడాదిలో కొన్ని దినములు మాత్రము ఎఱ్ఱనీరు ఒడ్డులొరసి పొంగి, గుండెలదరునట్లు మ్రోగి, పిదప మాయమగును. మిగిలిన కాలమున ఆ ఇసుకలో చెలమ త్రవ్వి, కడవ ముంచుకొని, దానినే ఏటినీరని చెప్పుకొనుచు మన పూర్వులు బ్రతికిరి.

అట్టి సీమలో ఇప్పుడు నీటిని నిలిపి, దానిపై పడవలు విడిచి, వినోదమునకై జనులను పిలుచుట యను క్రొత్త పని మొదలైనది. 2022 డిసెంబరు నెలలో లింగాల మండలమునందలి పార్నపల్లె యొద్ద చిత్రావతి జలాశయమున పడవల రేవు ప్రారంభింపబడెను. మరుసటి యేట, అనగా 2023లో, పులివెందుల పట్టణమున గరండాల వంక యొడ్డును నడకదారులతోను తోటతోను తీర్చి జనులకు తెఱచిరి. ఇందుపై పెద్దలలో రెండు తెగల అభిప్రాయములు వినబడుచున్నవి. త్రాగుటకు నీరు చాలని చోట ఆటకు నీరేల యని యొక తెగ. తరతరములు దప్పిచే కష్టపడిన సీమలో బిడ్డలు నిండునీటిని కన్నులార చూచుట తప్పెట్లగునని వేఱొక తెగ. తీర్పు చెప్పుటకు నేను రాలేదు. అయితే ఈ సీమలో నీటిని నిలుపుట క్రొత్త సంగతి కాదు. నిలిపిన నీరెవరిదను తగవును క్రొత్తది కాదు. ఆ పూర్వచరిత్ర తెలిసినచో ఈనాటి తగవు సగము తేలిపోవునని నా తలంపు.

మొదట మన యేళ్ళ స్వభావము కొంత చెప్పవలెను. పెన్న, చిత్రావతి, పాపఘ్ని మూడును కన్నడ దేశమున నందిదుర్గపు కొండల ప్రాంతముననే పుట్టినవి. ఒక్క తల్లి బిడ్డలవలె పుట్టి, వేఱువేఱు త్రోవల బోయి, మన జిల్లాలో మరల కలియుచున్నవి. చిత్రావతి గండికోటకు ఎగువను, పాపఘ్ని కమలాపురపు దిక్కునను పెన్నలో పడును. ఉత్తరమునుండి కుందేరు, సగిలేరు వచ్చి చేరును. పెన్న మొత్తము పొడవు 597 కిలోమీటర్లు. అది నెల్లూరు సీమలో ఊటుకూరు కడ సముద్రమును చేరుచున్నది. పేరునకు పెద్ద నదియే గాని, దాని పరీవాహప్రదేశమంతయు వానచాటు నేల. నైరుతి మేఘములు పడమటి కనుమలలోనే బరువు దించుకొని మనవైపు చేతులూపుచు పోవును. ఈశాన్యపు వాన మాత్రము వచ్చినయెడల ఒక్కసారిగా వచ్చును.

ఇట్టి యేటికి అడ్డముగా గోడ కట్టుట సులువైన పని కాదు. ఇసుక లోతు నిలువులకొలది యుండును. పునాదికి రాయి దొరకదు. పైని నీటిని ఆపినను అడుగున ఇసుకగుండ నీరు జారిపోవును. అందుచేతనే పూర్వులు పెద్ద యేటి జోలికి పోక, దాని ఇసుకలో ఊటకాలువలు త్రవ్వి పల్లమునకు నీటిని నడిపించిరి. లేదా వంకలకును వాగులకును కొండసందులలో కట్టలు వేసి చెరువులు చేసిరి. ఊటకాలువ ప్రతి వఱదకును పూడిపోవును. ప్రతియేడును ఊరివారందఱు పారలు పట్టుకొని దిగి తీయవలసినదే. ఏటిలో అడ్డముగా కంపయు మన్నును వేసి నీటిని కాలువకు త్రిప్పుకొనుటయు కలదు. ఆ అడ్డుకట్ట మొదటి పొంగుతోడనే సముద్రమునకు ప్రయాణము కట్టును. మన చిన్న యానకట్టలలో పెక్కులు ఈ జాతివే. అవి కట్టడములనుటకంటె ఏటేటి జాతరలనుట యొప్పును.

శాశ్వతముగా నిలిచిన కట్ట యెట్లుండవలెనో చెప్పుటకు మన జిల్లాలోనే గొప్ప సాక్ష్యము కలదు. బద్వేలు దిక్కున పోరుమామిళ్ళ చెరువు కలదు గదా. దానిని విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యమునేలిన భాస్కరుడు, భవదూరుడను మాఱుపేరు గలవాడు, కట్టించెను. ఆ సంగతి శాలివాహన శకము 1291లో, అనగా క్రీస్తుశకము 1369లో, సంస్కృతమున రెండు రాతిపలకలపై చెక్కించి భైరవాలయము ముందు నిలిపిరి. తరువాతి కాలమున శాసన పండితుడు సుక్తంకర్ గారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. దానములు, బిరుదులు చెప్పు శాసనములు మన దేశమున వేలకొలది కలవు. చెరువెట్లు కట్టవలెనో, ఎట్లు కట్టరాదో చెప్పు శాసనము మాత్రము అరుదు. అది మన జిల్లాకు దక్కినది.

మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెనని ఆ శాసనము లెక్కపెట్టుచున్నది. వానిని నా మాటలలో చెప్పెదను. ధర్మపరుడును ధనవంతుడును కీర్తికోరువాడునగు రాజు, జలశాస్త్రమెఱిగిన పండితుడు, గట్టి బంకమన్ను గల నేల, మూడామడల దూరమునుండి తీయనినీరు తెచ్చు ఏరు, చెరువునకు అంటియున్న కొండ, ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవు గాక గట్టిదైన రాతికట్ట, ఫలించు నేలనుండి తొలగియుండు కట్ట కొనలు రెండు, విరివియు లోతును గల గర్భము, నిడుపును నిటారునునైన రాళ్ళు దొరకు గని, చేరువనే సమతలమై పండెడు పొలము, కొండ యొత్తిడిచే వడిగా సుడులు తిరుగుచు నీరు వెడలు తూముదారి, చివరకు, ఆ పనిలో చేయి తిరిగిన పనివాండ్ర సమూహము. ఇందు మొదట రాజును, చివర పనివానిని చెప్పుట గమనింపదగినది. నడుమ పది అంగములు నేలకును నీటికిని రాతికిని పండితునికిని సంబంధించినవి.

తరువాత ఆఱు దోషములు. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు కొంచెమై పాఱవలసిన నేల యెక్కువగుట, నేల కొంచెమై నీరెక్కువగుట. ఈ దోషములలో ఆటకు నీటిని నిలుపుట యన్నది లేదు. ఎవరును దానిని దోషమని చెప్పలేదు. కాని నీటికిని నేలకును పొందిక యుండవలెనని రెండు దోషములచే నొక్కి చెప్పిరి. ఈ యుపన్యాసమున మీరు మఱవకుండవలసినది ఈ లెక్క.

ఆ చెరువు పని రెండేండ్లు జరిగినదట. నిత్యము వేయిమంది కూలీలు, రాతికట్టడమునకై రాళ్ళు తెచ్చుటకు నూఱు బండ్లు. నాలుగు సహజమైన కొండలను మూడు కట్టలతో కలిపి చెరువు చేసిరి. కొండలే గోడలలో పెద్దపాలు. మనుష్యుడు కట్టినది సందులను మాత్రమే. ఆఱు శతాబ్దములు దాటినను అది చెరువుగానే యున్నది. దీనికి ఆ శాసనకర్తల శాస్త్రమెంత కారణమో, ఏటేట కట్టపై కంప కొట్టి మన్ను పోసిన ఊరివారి చేతులు నంతే కారణము. శాసనములలో ఈ చేతుల పేర్లుండవు.

సరిహద్దు దోషమును గూర్చి ఇచ్చటనే ఒక మాట. చిత్రావతి, పాపఘ్ని, పెన్న మూడును అన్యరాజ్యమున పుట్టి మనకు వచ్చునవి. 1892లో మద్రాసు ప్రభుత్వమునకును మైసూరు సంస్థానమునకును జరిగిన ఒడంబడికలో, మద్రాసువారి సమ్మతిని ముందుగా పొందక మైసూరువారు క్రొత్త నీటికట్టడములు చేయరాదని పేర్కొన్న నదులలో ఈ మూడు పేర్లును కలవు. ఇటీవలి కాలమున బాగేపల్లి చేరువ చిత్రావతిపై పరగోడు కడ త్రాగునీటికై కట్టిన చిన్న యానకట్టను గూర్చి దిగువనున్న మనవారు ఆందోళన పడిరి. ఎగువ ఒక ఊరు నిలిపిన కడవెడు నీరు దిగువ నూఱూళ్ళకు లేకపోయిన కడవయే గదా. 1369 నాటి రాతిపలకపై చెప్పిన మూడవ దోషము 1892లో కాగితముపైకి వచ్చినది. ఇప్పుడు పరగోడు కడ కట్టగా నిలిచియున్నది.

భాస్కరుని తరువాత ఇరువదియేండ్లకు లోపలనే పెన్నను గూర్చిన వేఱొక శాసనము పుట్టినది. 1388లో రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి, జనులకు నీరే ప్రాణమని తలచి, జలసూత్రము నెఱిగిన సింగయభట్టును పిలిపించి, పెన్ననీటిని కాలువగా తెప్పించుమని ఆజ్ఞాపించెను. సింగయభట్టు సిరివర చెరువునకు ఆ కాలువను తెచ్చెను. రాజు పేరు కాలువకు పెట్టిరి, ఇంజనీరు పేరును రాతిలో చెక్కిరి. ఈ రెండవ మర్యాద మన కాలపు శంకుస్థాపన పలకలలో అంతగా కానరాదు.

ఇక వినోదమునకు వత్తము. మన పూర్వులకు నీటివినోదము లేదనుట సత్యము కాదు. ఏ ఆలయమునకైనను కోనేరుండును, నడుమ మండపముండును, ఏడాదికొకసారి దేవుడు తెప్పపై ఎక్కి ఆ మండపమును చుట్టివచ్చును. ఊరంతయు మెట్లపై కూర్చుండి చూచును. ఇది పడవ విహారము కాదా? దేవుడు ముందెక్కినందున దానికి ఎవరును ఆక్షేపణ చెప్పలేదు. మిగిలిన కాలమున అదే నీరు బావులకు ఊటయగును, పశువులకు దాహము తీర్చును. వేడుకకు వేఱుగా నీటిని నిలుపలేదు, నిలిచిన నీటివద్దనే వేడుక చేసికొనిరి. సప్తసంతానములలో చెరువు నొకటిగా చెప్పిన పెద్దలు తోటను గూడ చెప్పిరి. నీడయు నీరును కలిసిన చోట మనుష్యుడు ఊరక కూర్చుండుటకు ఇష్టపడునని వారెఱుగుదురు.

గండికోటను చూచిన వారికి ఇది మఱింత తెలియును. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱు గండి దిగువ నుండగా, పైని కోటలోని జనమునకు ఆ నీరు కన్నులకు కానవచ్చును గాని కడవకు అందదు. అందుచే కోటలోపలనే రాయలచెరువును, కత్తుల కోనేటిని చేసిరి. పెమ్మసానివారు ఏలిన ఆ కోటను 1650లో గోలకొండ సేనాని మీర్‌జుమ్లా పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే అక్కడికి వచ్చి మీర్‌జుమ్లాను చూచి, ఆ కోటను గూర్చి తన యాత్రాగ్రంథములో వ్రాసెను. అచ్చట ఫిరంగులు పోత పోయుచున్న మెయ్యీ యను ఫ్రెంచివానిని గూర్చియు వ్రాసెను. కత్తుల కోనేట యోధులు కత్తులు కడుగగా నీరు ఎఱ్ఱనయ్యెనని జనులు చెప్పుకొందురు. అది నిజమైనను కాకున్నను, ముట్టడిలో ఒక కోనేరు ఒక ఫిరంగికంటె ఎక్కువ కాలము కోటను నిలుపునన్నది మాత్రము నిజము.

కంపెనీ దొరతనము వచ్చిన పిదప దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1800 మొదలు 1807 వరకు ఈ సీమలను ఊరూర తిరిగి చూచెను. చెరువు కట్టుటకు అనువైన తావులన్నియు ఈ జనులు ఎన్నడో వాడుకొనిరనియు, క్రొత్తవి కట్టబోవుట పూడిన వానిని బాగుచేయుటకంటెను ఆశలేని పనియనియు 1806లో ఆయన పైవారికి వ్రాసెను. పరాయివాడు మన పూర్వుల కిచ్చిన యోగ్యతాపత్రమిది. పూర్వము చెరువు కట్టినవానికి దశబంధము మాన్యమిచ్చు ఆచారముండెను. దానిననుభవించువాడు కట్టను కాపాడవలెను. ప్రభుత్వము ఆ మాన్యములను లెక్కలలోనికి ఎక్కించి బిగింపగా, కట్టకు కాపు గలవాడెవడన్న ప్రశ్నకు జవాబు క్రమముగా మసకబారెను. నీరుగట్టువాడు మిగిలెను, అతని మాన్యము తగ్గెను.

ప్రొద్దుటూరివారికి పరిచితమైన కర్నూలు కడప కాలువ చరిత్ర మఱియొక విధము. గోదావరి యానకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర ఆలోచన ననుసరించి, మద్రాసు ఇరిగేషను కెనాలు కంపెనీ యను లండను వర్తకుల సంఘమొకటి 1860 ప్రాంతమున ఈ పనికి దిగెను. నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ. కర్నూలు చేరువ సుంకేసుల కడ తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కుందేటి లోయవెంబడి ఇంచుమించు 190 మైళ్ళు కాలువ త్రవ్వి, ఆదినిమ్మాయపల్లె కడ పెన్నకు ఆనకట్ట వేసి నీటిని ఆవలికి దాటించి, కడపదాక తెచ్చిరి. ఆనకట్ట యను మన మాట ఆంగ్లములోనికి అనికట్ అను రూపమున పోయినది. అప్పులు మాత్రము ఆంగ్లములోనుండి మనకు వచ్చినవి.

ఆ కాలువను పొలములకే గాక పడవల కొఱకు గూడ త్రవ్విరి. పడవలు దాటుటకు లాకులు కట్టిరి. సరకు పడవలచే లాభము వచ్చునని వర్తకులు తలంచిరి. లాభము రాలేదు. రైతులు నీటికి రూకలిచ్చుటకు ముందుకు రాలేదు. దీనికి మన రైతులను బద్ధకస్తులని కొందఱు దొరలు వ్రాసిరి గాని, అది న్యాయము కాదు. నల్లరేగడిలో ఒక్క వానతో జొన్నయు ప్రత్తియు పండించుకొనువానికి, తగని వేళ నీరు పెట్టుట లాభముకంటె చెఱుపు. పైగా నీటిపన్ను ఏటేటి ఖర్చు, వాన ఉచితము. నేలకును నీటికిని పొందిక లేని చోట కాలువ ఎంత పెద్దదైనను వ్యర్థమని పోరుమామిళ్ళ పలక ముందే చెప్పెను గదా. కాని 1876 మొదలు 1878 వరకు మహాక్షామము వచ్చినపుడు ఆ కాలువ నీటికి ఒక్కసారిగా గిరాకి పెరిగెను. 1871 జనాభా లెక్కకంటె 1881 లెక్కలో కడప జిల్లా జనసంఖ్య తగ్గినది. ఆ తగ్గుదలలో ఎన్ని ఇండ్ల దీపములారినవో తలచుకొనుడు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కంపెనీవద్ద కొనెను. తరువాతి కాలమున పడవలు పోయినవి, నీరు మిగిలెను. ఇప్పుడు పడవ యనగానే మనకు వినోదము తోచును. ఆనాడు అది గింజల బస్తాలు మోయు బండి.

స్వాతంత్ర్యము తరువాతి సంగతి మీలో పెక్కుమంది కన్నులారా చూచినదే, గనుక త్వరగా దాటెదను. 1937 శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమకు నీటిలో ముందుపాలు వ్రాసికొంటిమి. 1951 ప్రాంతమున కృష్ణనీటిని పెన్నకు త్రిప్పవలెనన్న మద్రాసు ప్రభుత్వపు కృష్ణా పెన్నారు యోచన రాగా, ఆ నీరు తమిళదేశమునకు పోవునను భయముచే ఆంధ్రులు దానిని వ్యతిరేకించిరి. ఖోస్లా సంఘము నందికొండను సమ్మతించినది, నాగార్జునసాగరము లేచినది. ఆ తగవులో మన పాలెంత పోయినదో మనవారు నేటికిని లెక్కలు కట్టుచునే యున్నారు. తుంగభద్ర ఎగువకాలువ రెండవ దశలో భాగముగా జమ్మలమడుగు చేరువ మైలవరమున పెన్నకు జలాశయము కట్టిరి. దాదాపు 10 శతకోటి ఘనపుటడుగుల నీటికై దానిని తలపెట్టిరి. ఆదివారములందు పిల్లలతో పోయి చూచుటకు ఆ కట్ట మనకు మొదటి సముద్రతీరమైనది. నీరు లేని యేండ్లలో గూడ జనులు పోయిరి. ఎండిన గర్భమును చూచివచ్చుట గూడ మన సీమలో ఒక వినోదమే కాబోలు.

పిదప గండికోట కడ 26.85 శతకోటి ఘనపుటడుగుల జలాశయము వచ్చినది. శ్రీశైలపు వెనుకనీరు పోతిరెడ్డిపాటి తూములనుండి గాలేరు నగరి కాలువద్వారా అచ్చటికి చేరుచున్నది. అనగా పెన్న గర్భములో ఇప్పుడు నిలుచునది ఎక్కువపాలు కృష్ణనీరు. ఆ నీటి కొఱకు ఇరువదికి పైగా గ్రామములు మునిగిపోయినవి. వానిలో పెద్దది తాళ్ళప్రొద్దుటూరు. 2020లో నీటిమట్టము పెంచినపుడు అచ్చటివారు సామానులు బండ్లపై వేసికొని కదలవలసి వచ్చెను. పరిహారము లెక్కలు, ఇండ్ల పట్టాలు ఇవన్నియు కాగితముపై తేలునవి. ఊరి రచ్చబండ, మసీదు, గుడి, పీర్లచావడి, తాతముత్తాతల సమాధులు, ఇవి ఏ లెక్కలోను తేలవు.

కట్ట కట్టుట యొక సంగతి, కావలి కాయుట వేఱొక సంగతి. ఇందుకు చెయ్యేటిపై రాజంపేట దిక్కుననున్న అన్నమయ్య జలాశయము సాక్ష్యము. 2021 నవంబరు 19వ తేదీ వేకువను, ఎగువ పింఛా కట్ట తెగి వచ్చిన నీరును, ఎడతెగని వాననీరును కలిసి మీదపడగా, దాని మట్టికట్ట కొట్టుకొనిపోయెను. తలుపులు ఐదు, అందొకటి అంతకు ముందటి యేటినుండియు పనిచేయకుండెను. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట మొదలగు ఊళ్ళు నీట మునిగినవి. ముప్పదిమందికి పైగా మరణించిరి. కార్తిక మాసపు తెల్లవాఱున పూజకు బోయినవారు గూడ అందుండిరి. పెద్ద గోడ చెక్కుచెదరలేదు, చేర్చియున్న మన్ను పోయినది. దాని శాస్త్రము చెప్పుట కష్టము కాదు: మట్టికట్టపై నీరు ఒక్క ఘడియ పొర్లినను, వెనుకవాలు కోసికొనిపోవును, కోసిన కొలది వడి పెరుగును, వడి పెరిగిన కొలది కోత పెరుగును. అందుచేతనే మన పూర్వులు చెరువునకు మరవను ముందు చూచిరి, కట్టను తరువాత చూచిరి. మరవ పూడిన చెరువుకంటె చెరువులేని ఊరు మేలు.

పెద్ద కట్టలకు ఇంజనీర్లున్నారు. నాకు భయము చిన్నవానిని గూర్చి. నడుములోతు నీటిని నిలుపు చిన్న యానకట్టను చూచి ఎవరును భయపడరు. పైనుండి నీరు అద్దమువలె జాఱి క్రింద నుఱుగు కట్టుచు అందముగా నుండును. పిల్లలు అచ్చటనే దూకుదురు. కాని పొర్లి పడిన నీరు అడుగునకు పోయి, కొంత దూరమున పైకి లేచి, అందులో కొంతపాలు మరల గోడవైపునకే వెనుదిరుగును. అడ్డముగా పడుకొని తిరుగు సుడి యది. అందు చిక్కినవానిని నీరు గోడకడకు లాగి, పైనుండి పడు నీటిచే అడుగునకు త్రొక్కి, మరల పైకి తేల్చి, మరల గోడకడకే లాగును. నుఱుగులో గాలి కలిసియుండుటచే శరీరము తేలదు. గజఈతగానికైనను చేతులకు పట్టు దొరకదు. ఎత్తైన జలపాతమునకు జనులు జంకుదురు గనుక బ్రతుకుదురు. మూడడుగుల గోడను లక్ష్యపెట్టరు గనుక చత్తురు. అమెరికా, ఇంగ్లండు దేశములలో పూర్వము మరలు త్రిప్పుటకు కట్టిన ఇట్టి చిన్న గోడలు ఇప్పుడు ఈతకును పడవలకును వాడుక కాగా, అచ్చటివారును ఈ సుడికే బలియగుచున్నారు. వానిలో పెక్కింటిని పగులగొట్టించుచున్నారు. కొన్నింటికి దిగువ రాళ్ళు మెట్లుగా పేర్చి నీటి వడిని విఱుచుచున్నారు. ఈ రాతిమెట్ల యుపాయమునకు పెద్ద ధనము అక్కఱలేదు. మీ యూరి వంకకు ఆనకట్ట కట్టెదమని ఎవరైన వచ్చినచో, ఎంత నీరు నిలుచునని అడుగుటకు ముందు, పొర్లిన నీరు ఎక్కడ పడునని అడుగుడు.

ఇసుకను గూర్చియు ఒక్క మాట. గోడ వెనుక ఇసుక నిండును. గోడ దిగువ ఇసుక రాక గుంత పడును. దానికి తోడు లారీలు ఇసుకను ఎత్తుకొనిపోయిన చోట మడుగులు మిగులును. పైని నీరు సమముగా కనబడును. అడుగు మోకాలిలోతునుండి నిలువులోతునకు ఒక్క అడుగులో దిగును. మన చిన్ననాటి ఏటిలో ఈ గుంతలు లేవు గనుక, మనము నేర్పిన ఏటి తెలివి మన మనుమలకు చాలదు.

మరల పార్నపల్లెకు వత్తము. ఆ జలాశయమున 10 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టును. మొదట అది తుంగభద్ర ఎగువకాలువ నీటిని నమ్ముకొని కట్టినది. పులివెందుల శాఖాకాలువ క్రింది పొలములకు ఆధారము. తుంగభద్ర నీరు చాలక ఏండ్లకొలది అది బోసిగా నుండెను. తరువాత గండికోట నుండి యంత్రములతో నీటిని ఎత్తి దానికి పంపుట ఆరంభమైనది. నీరు నిండిన పిదపనే పడవలు వచ్చినవి. పడవల కొఱకు నీరు తేలేదు. ఈ వరుసను గమనించినచో, మొదట చెప్పిన రెండు తెగలవారి తగవులో నాకు రెండవ తెగ పక్షమే న్యాయముగా తోచుచున్నది. నీరు పొలమునకు నిలుచును, పడవ దానిపై తేలును; తెప్పతిరునాళ్ళ పద్ధతియే ఇది. వరుస తలక్రిందులై, పడవ తేలవలెనని తూము మూసినచో మాత్రము మొదటి తెగవారు కఱ్ఱపట్టుకొని లేవవలెను. తూము తీయు దినము, మూయు దినము ఎవరు నిర్ణయింతురో ఆ నిర్ణయము ఊరి చావడిలో తెలియవలెను. 1997 చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములకు ఆ మాట అడుగు హక్కు కలదు.

గరండాల వంకకు ఇట్టి ఆధారము లేదు. అది వానకు పాఱి ఎండకు ఎండు వంక. దాని యొడ్డున నిలుపు నీటిని ఎక్కడినుండియో తేవలెను, లేదా వానకై చూడవలెను. అందు నేను దోషము చెప్పను. మురికి పాఱిన వంకను శుభ్రముచేసి నీడ కల్పించుట మంచి పనియే. వంకకు వఱద వచ్చు దినము మాత్రము ఒకటుండును. వంక తన వెడల్పును మఱచిపోదు; నలుబది యేండ్లకొకసారి వచ్చి తన పాత గట్టును అడుగును. నడకదారి ఏ గట్టుపై నున్నదో పాతవారు చెప్పగలరు, క్రొత్త పటములు చెప్పవు.

పార్నపల్లె రేవున పడవ యెక్కినవారు ఒకసారి నీటిని చేతితో తాకి చూతురు. అందు కలసిన కృష్ణనీరు శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు దాటి, కొండల క్రింది సొరంగములు దూఱి, గండికోట గర్భమున తాళ్ళప్రొద్దుటూరి వీథులపై నిలిచి, అచ్చటినుండి యంత్రముల చేత ఎత్తబడి చిత్రావతికి చేరినది.